ఎనిమిది పాదాల్లో ఏముంది?

ప్రశ్న: విలియం కార్లోస్ విలియమ్స్ ఎర్ర తోపుడుబండి కవిత చదివాను. బండి, వాన, కోళ్లు. అంతే! ఇదీ కవిత్వమేనా?
– ఒక పాఠకుడు, చాట్రాయి

జవాబు: మీకు అర్థమైందండీ. లోపల ఇంకేదో దాగుందన్న అనుమానమే అడ్డొస్తోంది. బడిలో మనకు అలవాటు చేసిన తాత్పర్యం ఇక్కడ పనిచేయదు. 1923లో వచ్చిన ఈ కవితలో ఉన్నవి 16 మాటలే. తోపుడుబండి ఇంగ్లిష్ పేరు ‘వీల్‌బారో’ను కవి నడిమికి విరిచి చక్రాన్ని ఒక పాదంలో, బండిని కింది పాదంలో పెట్టాడు. వాననీటినీ అలాగే విడగొట్టాడు. కన్ను అక్కడ ఆగక తప్పదు. ఆ ఆగడమే కవిత.

మరో అమెరికా కవి ఎజ్రా పౌండ్ కూడా ఇలాగే కుదించాడు. పారిస్ మెట్రో స్టేషన్‌లో చూసిన ముఖాల మీద 30 పాదాలు రాసి, చించేసి, చివరికి రెండే ఉంచాడు. 1913లో అచ్చయింది. అతనికి దారి చూపింది జపాన్ చిట్టి కవిత హైకూ. తెలుగులో ఇస్మాయిల్ గారి ‘కప్పల నిశ్శబ్దం’ హైకూలతో మొదలుపెట్టండి, అమెరికా వాళ్లు తర్వాత సులువవుతారు. పొట్టిదల్లా గొప్పదేం కాదు, మూడు ముక్కలు రాసి హైకూ అనేవాళ్లు మనకీ బోలెడుమంది!

ఈసారి మామిడి కోతప్పుడు చిక్కంలో పడ్డ రసాల కాయనీ, తొడిమ దగ్గర కారే సొననీ చూసి నాలుగు పాదాలు రాయండి. ‘అందమైన’, ‘మధురమైన’ కొట్టేయండి. మిగిలింది మాకు పంపండి.