పార్టికల్ పనిచేసిందని చెప్పే ముందు

న్యూరల్ స్టెమ్ సెల్స్‌కి మందు చేరవేసే పాలిమర్ నానోపార్టికల్స్ మీద కొత్తగా చేరిన జేఆర్ఎఫ్‌లకీ, ప్రాజెక్ట్ అసిస్టెంట్లకీ ఈ సలహాలు. గైడ్ ఫిగర్ అడుగుతుంటారు, అబ్‌స్ట్రాక్ట్ గడువు తరుముకొస్తుంటుంది. అది ఎలాగూ తప్పదు. అయితే ఈ పనిలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది పార్టికల్ కెమిస్ట్రీ బెంచ్ దాటి కల్చర్ హుడ్‌లోకి అడుగుపెట్టే చోట. అక్కడ జాగ్రత్తగా ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

పీఎల్‌జీఏ పార్టికల్స్‌లో రెటినోయిక్ యాసిడ్ నింపి, స్టెమ్ సెల్స్‌ని న్యూరాన్లుగా మార్చే ప్రయోగమే తీసుకుందాం.

ముందు డోసు లెక్క. రెటినోయిక్ యాసిడ్ అణుభారం సుమారు 300. అంటే 1 మైక్రోమోలార్ కావాలంటే మిల్లీలీటర్‌కి 0.3 మైక్రోగ్రాములు. మీ లోడింగ్ 3 శాతమైతే మిల్లీలీటర్‌కి 10 మైక్రోగ్రాముల పార్టికల్స్ వేయాలి. కానీ మొదటి రోజు 40 శాతమే విడుదలైతే బయటికొచ్చిన మందు 0.4 మైక్రోమోలారే. దాన్ని 1 మైక్రోమోలార్ ఫ్రీ డ్రగ్ పక్కన పెట్టి 'రెండూ సమానం' అని రాస్తే రివ్యూయర్ వదలడు. రిలీజ్ కర్వ్ చేతిలో లేకుండా సెల్స్ జోలికి వెళ్లకండి. ఈ మందు వెలుతురుకి పాడవుతుంది, వయల్‌కి ఫాయిల్ చుట్టండి.

తర్వాత సైజు. డీఎల్ఎస్‌లో నీళ్లలో 180 నానోమీటర్లు చూపించిన బ్యాచ్, లవణాలు, ప్రోటీన్లు ఉన్న మీడియంలో ముద్దకట్టొచ్చు. అందుకే మీరు వాడే మీడియంలోనే, 37 డిగ్రీల దగ్గర, 24 గంటల తర్వాత మళ్లీ కొలవండి.

ఎక్కువమంది బోల్తాపడేది డై దగ్గర. కూమరిన్-6 లాంటి రంగు పార్టికల్ నుంచి కారిపోయి, తనంతట తానే సెల్‌లోకి దూరుతుంది. మైక్రోస్కోప్ కింద పచ్చగా మెరుస్తుంటే పార్టికల్ లోపలికి వెళ్లిందని సంబరపడతాం. పార్టికల్స్‌ని మీడియంలో కొన్ని గంటలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని మాత్రమే వేరే వెల్‌లో పోయండి. అక్కడా సెల్స్ మెరిస్తే మీరు చూసింది కారిన రంగునే. న్యూరోస్ఫియర్లలో అయితే పార్టికల్స్ పై పొరలోనే ఆగిపోవచ్చు. సెల్స్‌ని విడదీసి లెక్కపెట్టండి.

కంట్రోల్స్ విషయంలో బేరాలు వద్దు. ఏమీ వేయనివి, ఖాళీ పార్టికల్స్, ఫ్రీ డ్రగ్, లోడ్ చేసిన పార్టికల్స్, ఈ నాలుగూ ఒకే ప్లేట్‌లో ఉండాలి. బీ-27 సప్లిమెంట్ సీసా లేబుల్ కూడా చదవండి. మామూలు రకంలో విటమిన్ ఏ రూపమైన రెటినైల్ అసిటేట్ ఉంటుంది. రెటినోయిక్ యాసిడ్ ప్రయోగానికి విటమిన్ ఏ లేని రకమే వాడాలి.

స్టెరిలిటీ గురించి ఒక హెచ్చరిక. పీఎల్‌జీఏని ఆటోక్లేవ్ చేస్తే పాలిమర్ విరిగిపోతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపుతుంది కానీ ఎండోటాక్సిన్‌ని ఆపదు. పైగా పెద్ద పార్టికల్స్ ఫిల్టర్ మీదే ఉండిపోతాయి, కాబట్టి వడపోశాక గాఢత మళ్లీ కొలవాలి.

టైమ్ లేదంటే ఇంకో అందమైన ఇమేజ్ మానేయండి. ఖాళీ పార్టికల్ కంట్రోల్, రంగు కారుతుందా అన్న పరీక్ష మాత్రం మానొద్దు. ప్రతి ప్లేట్ మీద బ్యాచ్ నంబర్ రాయండి. రేపు ఫార్ములేషన్ ఉద్యోగానికి వెళ్లినా, మూడు బ్యాచ్‌ల సైజు, లోడింగ్, రిలీజ్ అంకెలు పక్కపక్కన చూపించగలిగితే మీ మాటకి విలువ ఉంటుంది.