చంటిబిడ్డ పరుపులో ఏముంది? – ఒక రసాయన సర్వే నేర్పే పాఠం

2012 వేసవిలో మా చెల్లెలు కాలిఫోర్నియా నుండి ఎనిమిది నెలల పాపతో పుట్టింటికి వచ్చింది. సామానులో ఒక చిన్న ఫోము పరుపు కూడా తెచ్చింది. పిల్లకు గుడ్డలు మార్చేటప్పుడు పడుకోబెట్టేందుకట. మా అమ్మకు పాత చీరలతో కుట్టిన బొంత తెలుసు గాని ఇది కొత్త. అటూ ఇటూ తిప్పి చూసి, అంచున కుట్టి ఉన్న గుడ్డ చీటీ నాకు చూపించింది. "ఇంగ్లీషులో ఏదో రాసి ఉందిరా, చదివి చెప్పు" అంది.

చదివాను. ఈ వస్తువు కాలిఫోర్నియా రాష్ట్రపు 117వ నెంబరు నిప్పు పరీక్షకు సరిపోయిందని ఆ చీటీ సారాంశం. అంటే త్వరగా అంటుకోదని చెప్పాను.

"అంటుకోకుండా ఏం కలిపార్రా? పిల్ల పొద్దస్తమానం ఆ అంచు నోట్లో పెట్టుకుంటోంది" అంది అమ్మ.

రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకొని, పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. జవాబు చెప్పలేకపోయాను. చీటీ మీద ప్యాసయిన పరీక్ష పేరు ఉంది గాని, కలిపిన పదార్థం పేరు లేదు. ఆ ప్రశ్న పట్టుకొని వెతకగా, అంతకు ముందు సంవత్సరమే అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు సరిగ్గా ఇదే ప్రశ్నకు జవాబు వెతికిన సంగతి తెలిసింది. ఆ సర్వే కథ, దాని నుండి మనం నేర్చుకోదగిన పాఠం విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. పన్నెండు సెకండ్ల పరీక్ష

కుర్చీలలో, పరుపులలో వాడే పాలీయూరథేన్ ఫోము నిండా గాలి గదులే. పైగా అది పెట్రోలియం నుండి పుట్టిన పదార్థం. అందుచేత నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఇది గమనించి కాలిఫోర్నియా ప్రభుత్వం 1975లో ఒక నియమం పెట్టింది. లోపలి ఫోమును చిన్న మంటకు 12 సెకండ్లు చూపినా తట్టుకోవాలి. అదే 117వ నెంబరు పరీక్ష. కాలిఫోర్నియా పెద్ద మార్కెట్టు కాబట్టి చాలామంది తయారీదారులు అదే సరుకును దేశమంతటా అమ్మారు. కుర్చీలకని పెట్టిన నియమం చంటిపిల్లల ఫోము సామానుకూ వర్తించింది.

ఉత్త ఫోము ఆ పరీక్షకు నిలవదు. అందుకని మంటను ఆలస్యం చేసే మందులు కలిపారు. వీటిలో బ్రోమిన్, క్లోరిన్, ఫాస్ఫరస్ మూలకాలు ముఖ్యం. మంట అనేది ఒక గొలుసు చర్య అని, హైడ్రోజన్, హైడ్రాక్సిల్ రాడికల్స్ ఆ గొలుసును నడుపుతాయని మీరు చదువుకున్నారు. హాలోజన్లు ఆ రాడికల్స్‌ను పట్టేస్తాయి, గొలుసు తెగుతుంది. ఫాస్ఫరస్ పైన బొగ్గు పొర కట్టేటట్లు చేస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ మందులలో చాలా భాగం ఫోముతో రసాయన బంధం ఏర్పరచుకోవు. ఉత్తినే కలిసి ఉంటాయి. తలకు రాసుకున్న కొబ్బరినూనెను దిండు గలీబు పీల్చుకుంటుంది. ఆ గలీబు ముట్టుకుంటే మన చేతికి జిడ్డు అంటుతుంది. ఇదీ అంతే. మందు మెల్లమెల్లగా ఫోము విడిచి ఇంటి దుమ్ములో చేరుతుంది. ఆ దుమ్ములో ఎక్కువగా మసలేది ఎవరు? పాకే పిల్ల. తడి చేతులతో నేల తడిమి, ఆ చేతులే నోట్లో పెట్టుకునేది కూడా ఆ పిల్లే.

2. నూటొక్క ముక్కలు

2011లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెదర్ స్టేపుల్టన్, ఆమె సహచరులు ఒక సర్వే ప్రకటించారు. వారు దుకాణాలు తిరిగి సామాను కొనలేదు. పిల్లల సామాను ఉన్నవారిని చిన్న ఫోము ముక్క కత్తిరించి పంపమని కోరారు. వస్తువు ఏమిటి, ఏ సంవత్సరంలో కొన్నారు, 117 చీటీ ఉందా లేదా అన్న వివరాలు కూడా అడిగారు. కారు సీట్లు, గుడ్డలు మార్చే పరుపులు, పాలిచ్చే దిండ్లు, చిన్న పరుపులు, ఇలా మొత్తం 101 నమూనాలు చేరాయి.

ప్రయోగశాలలో ముక్కను ద్రావణిలో నానబెట్టి, అందులోకి దిగిన పదార్థాలను గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో గుర్తు పట్టారు.

ఫలితం ఇది. నూటికి 80 నమూనాలలో గుర్తించదగిన మంట మందు ఉంది. ఒక్కటి మినహా అవన్నీ క్లోరిన్ లేదా బ్రోమిన్ ఉన్నవే. అన్నిటికంటే ఎక్కువగా, నూటికి 36 నమూనాలలో, క్లోరినేటెడ్ ట్రిస్ అనే పదార్థం కనిపించింది. ఐదు నమూనాలలో పెంటాబీడీఈ రకం కనిపించింది. దీని తయారీ అమెరికాలో 2004 చివరికే ఆగిపోయింది. 2009లో స్టాక్‌హోం ఒడంబడిక ప్రపంచమంతటా తొలగించవలసిన పదార్థాల జాబితాలో దానిని చేర్చింది. తయారీ ఆగినంత మాత్రాన ఇళ్ళలో ఉన్న సామాను మాయమైపోదు. అక్కనుండి చెల్లెలికి, చెల్లెలినుండి ఇంకొకరికి చేతులు మారుతూనే ఉంటుంది.

ఎంత ఉన్నదనేది కూడా చూడండి. క్లోరినేటెడ్ ట్రిస్ ఉన్న ఫోములో అది సగటున బరువులో నూటికి నాలుగు వంతుల దరిదాపున ఉంది. అర కిలో ఫోములో నాలుగు వంతులంటే 20 గ్రాములు. కల్తీగా పడిన నలుసు కాదు, కొలిచి పోసిన దినుసు!

3. తిరిగివచ్చిన పాత చుట్టం

ఈ ట్రిస్ అనే పేరు శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. 1970లలో అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులు అంటుకోకుండా బ్రోమిన్ ఉన్న ట్రిస్ పట్టించేవారు. 1977లో ఆర్లీన్ బ్లూమ్, బ్రూస్ ఏమ్స్ అనే ఇద్దరు అది జన్యు పదార్థంలో మార్పులు తెస్తుందని, కాన్సరు కారకం కావచ్చునని హెచ్చరించారు. ఏమ్స్ కనిపెట్టిన బాక్టీరియా పరీక్షను నేటికీ జీవశాస్త్ర విద్యార్థులు చదువుతారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆ దుస్తులను ప్రభుత్వం నిషేధించింది.

దాని స్థానంలోకి ఏం వచ్చింది? బ్రోమిన్ తీసేసి క్లోరిన్ పెట్టిన ట్రిస్! అదీ జన్యువులను మారుస్తుందని 1978లో బ్లూమ్, ఏమ్స్, వారి సహచరులు చూపించారు. తయారీదారులు దుస్తులలో దానిని వాడటం మానుకున్నారు. మానుకున్నది దుస్తులలో మాత్రమే. మూడు దశాబ్దాల తరువాత చంటిపిల్లల పరుపుల్లో కనబడినది ఆ క్లోరిన్ ట్రిస్సే. అదే ఏడాది బ్లూమ్ అన్నపూర్ణ శిఖరానికి మహిళా బృందాన్ని నడిపించిన పర్వతారోహకురాలు కూడా. 2011 సర్వే రచయితల్లో ఆమె ఒకరు.

ఇటువంటి మార్పిడి ఇంకా చోట్ల చూస్తాం. పాలసీసాలలో బిస్‌ఫినాల్-ఏ వద్దన్నారు. ఐరోపా సమాఖ్య 2011లో నిషేధించింది. కొన్ని ప్లాస్టిక్ సరుకుల్లో దాని చోట బిస్‌ఫినాల్-ఎస్ వచ్చింది. పేరులో ఒక అక్షరం మారింది, అణువు పోలిక అలాగే ఉంది. "ఫలానాది లేదు" అన్న చీటీ, ఉన్నదేమిటో చెప్పదు.

4. సర్వే చేయబోయేవారికి నాలుగు హెచ్చరికలు

మొదటిది. పరీక్ష మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. దీనికి అన్నిటికంటే ఘోరమైన సాక్ష్యం 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడి. పాలలో మాంసకృత్తులను నత్రజని కొలిచి లెక్కగట్టే పద్ధతి ఉంది, మన ప్రయోగశాలలో చేసే కెల్డాల్ పద్ధతి అదే. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజని. నీళ్ళు కలిపిన పాలలో మెలమైన్ వేస్తే పరీక్ష "మాంసకృత్తులు బాగున్నాయి" అంటుంది. దాదాపు మూడు లక్షల మంది పసివాళ్ళు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. పరీక్ష తప్పు చెప్పలేదు. నత్రజని ఎంత అని అడిగారు, ఎంతో చెప్పింది.

రెండవది. పరికరం పరిమితి తెలుసుకోవాలి. చేతిలో పట్టుకొని వస్తువు మీద ఆనిస్తే మూలకాలను చూపే ఎక్స్-కిరణ యంత్రాలు వచ్చాయి. వస్తువు కోయనక్కరలేదు, నిమిషాల్లో పని అవుతుంది. 2011 సర్వేలో దానినీ పరీక్షించి చూశారు. బ్రోమిన్ విషయంలో యంత్రం ఎక్కువగా చూపినా, అసలు పరీక్షతో పొంతన కుదిరింది. క్లోరిన్ విషయంలో పొంతనే లేదు. పైగా యంత్రం మూలకాన్ని చెబుతుంది, సమ్మేళనాన్ని చెప్పదు. క్లోరిన్ ఉప్పులోనూ ఉంది, ట్రిస్‌లోనూ ఉంది!

మూడవది. నమూనా ఎక్కడిదో మరువరాదు. ఆ 101 ముక్కలు తమంతట తాము పంపినవారివి. కాబట్టి "అమెరికాలోని పిల్లల సామానులో నూటికి 80" అనకూడదు, "పరీక్షించిన వాటిలో నూటికి 80" అనాలి. ఈ రెండు వాక్యాలకు తేడా తెలిసినవాడే శాస్త్ర విద్యార్థి.

నాలుగవది. ఉండటం వేరు, హాని చేయడం వేరు. ఏముంది, ఎంత ఉంది, అందులో బిడ్డ ఒంట్లోకి ఎంత పోతుంది, పోయినది ఏం చేస్తుంది, ఈ నాలుగూ నాలుగు ప్రశ్నలు. ఆట బొమ్మల పరీక్షలో ఇది చక్కగా తెలుస్తుంది. బొమ్మ రంగు గీకి, 37 డిగ్రీల వేడిమిలో, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రెండు గంటలు ఉంచుతారు. అది పిల్లవాడి పొట్టకు నకలు! ఆమ్లంలోకి దిగిన సీసం ఎంత అన్నది కొలుస్తారు. మొత్తం సీసం ఎంత అన్న ప్రశ్నకు వేరే పరీక్ష ఉంది. ఒకదాని జవాబు రెండవదానికి చెప్పరాదు.

5. తరువాత ఏమైంది?

సర్వే వచ్చిన 2011 అక్టోబరులోనే కాలిఫోర్నియా క్లోరినేటెడ్ ట్రిస్‌ను కాన్సరు కారకాల జాబితాలో చేర్చింది. అసలు ప్రశ్న తరువాత వచ్చింది. ఈ మందు వల్ల ప్రయోజనమెంత? నిప్పు మొదట తగిలేది పైగుడ్డకు గాని లోపలి ఫోముకు కాదు. ఇళ్ళలో కుర్చీలు, పరుపులు అంటుకునేది ఎక్కువగా సిగరెట్ నిప్పుతో. అందుచేత 2013లో పరీక్షనే మార్చారు. బహిరంగ మంట తీసేసి, పైగుడ్డ మీద రగిలే సిగరెట్ పరీక్ష పెట్టారు. దానికి మందు కలపవలసిన అవసరం లేదు. చాలా రకాల పిల్లల సామానుకు ఆ పరీక్ష నుండి మినహాయింపు కూడా ఇచ్చారు. చంటిపిల్ల సిగరెట్ కాల్చదు గదా! 2018లో చేసిన చట్టంతో, 2020 నుండి పిల్లల సామానులో ఈ మందులు వెయ్యింట ఒక వంతుకు మించి ఉండరాదని నిర్ణయించారు.

మన దేశంలో 2017 నవంబరు నుండి ఇంటి రంగులలో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించరాదు. 2021 జనవరి నుండి ఆట బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. మంచిదే. కాని తిరునాళ్ళలో గంపలోంచి కొన్న రంగు గిలక మీద ముద్ర ఎవరు చూస్తారు? సీసానికి "ఇంతవరకు ఫరవాలేదు" అనదగిన మోతాదు తెలియలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చూడవలసిన అవసరం మనకే ఉన్నది.

మన కళాశాల ప్రయోగశాలల్లో పెద్ద యంత్రాలు లేకపోవచ్చు. కాని సర్వేలో సగం పని యంత్రానిది కాదు. ఏ వస్తువు, ఎక్కడ కొన్నారు, ఎప్పుడు, ముద్ర ఉందా, పిల్ల దానితో రోజుకు ఎంతసేపు ఉంటుంది, నోట్లో పెట్టుకుంటుందా అని ఇల్లిల్లూ తిరిగి రాసుకోవడం మనం చేయగలం. ఆ జాబితా ఉంటే, యంత్రం ఉన్న ప్రయోగశాల తలుపు తట్టవచ్చు. జాబితా లేనివాడికి ఎంత గొప్ప యంత్రమున్నా ఏ ముక్క కత్తిరించాలో తెలియదు. తల్లులకు చెప్పదగిన మాట కూడా ఒకటుంది. ఇల్లు తడిగుడ్డతో తుడవండి, అన్నం పెట్టే ముందు పిల్ల చేతులు కడగండి, ఫోము బయటపడిన చిరుగు పరుపును పిల్లకు దూరంగా ఉంచండి. దీనికి ఖర్చు లేదు.

ఆ వేసవిలో మా అమ్మ జవాబు కోసం ఆగలేదు. పరుపు అటక ఎక్కించి, రెండు పాత నేత చీరలు మడిచి బొంత కుట్టింది. పాప దాని మీదే పాకడం నేర్చింది. అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం నేను ఏటా మొదటి ఏడాది విద్యార్థులకు మొదటి రోజునే చెబుతున్నాను. "ప్యాసయింది సరే, ఏం కలిపారు?"