చెక్క చార చూశాకే రేటు చెప్పండి

స్క్రోల్ సా మీద నేమ్‌బోర్డులు, దేవుడి బొమ్మలు, గోడ డెకరేషన్లు కోసే మనలో చాలామందికి చేయి బాగానే తిరిగి ఉంటుంది. వంపు నున్నగా వస్తుంది, బ్లేడు గీత దాటదు. అయినా పాలిష్ పడ్డాక బొమ్మలో జీవం ఉండదు. ఎక్కువసార్లు కారణం ఒకటే: కింద చెక్కలో ఏముందో చూడకుండా డిజైన్ కాగితం అంటించేశాం.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఒక హోటల్ రిసెప్షన్‌కి టేకులో నెమలి ఆర్డరు వచ్చింది. వేస్టేజీ తగ్గుతుందని ముక్కలన్నీ పలక మీద ఒకే దిక్కున సర్దేశాను. కోత బాగా కుదిరింది. పాలిష్ పడగానే ప్రతి ఈక మీదా చార (గ్రెయిన్) అడ్డంగా లేచింది. ఈకలన్నీ మళ్లీ కోయాల్సి వచ్చింది. మిగిలిన లాభం అందులోనే పోయింది.

దుంగను ఎలా కోశారన్నదాన్ని బట్టి పలక మీద చార మారుతుంది. కొన్ని పలకల మీద గోపురాల్లా ఒకదాని మీద ఒకటి లేచే చారలుంటాయి. అవి కొండలకు, దీపం మంటకు, నీటి అలలకు పనికొస్తాయి. తిన్నని గీతలున్న పలక ఈకలకు, కొబ్బరాకులకు, గుర్రం జూలుకు. గట్టిగా ఉన్న చిన్న ముడిని పారేయకండి, అది చేప కన్ను కావచ్చు. వదులైన ముడిని మాత్రం నమ్మకండి, కోతలోనే ఊడి ఎగురుతుంది.

ముక్క ఎంచుకునేటప్పుడు ఆ ఆకారం మేర అట్టలో కంత కోసి, కంతను పలక మీద జరుపుతూ, తిప్పుతూ చూడండి. ఎక్కడ చార వంపు తిరిగి బొమ్మ వంపుతో కలుస్తుందో అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టండి. ముందుగా పలకను కాస్త సాండింగ్ చేసి, గుడ్డతో థిన్నర్ తుడిస్తే పాలిష్ పడ్డాక ఎలా ఉంటుందో ఆ కాసేపు కనిపిస్తుంది. థిన్నర్ ఇట్టే అంటుకుంటుంది, మెషీన్‌కి దూరంగా తుడవండి.

అందం ఒక్కటే చూస్తే సరిపోదు. చెక్క నార వెంబడి గట్టిది, నారకు అడ్డంగా పెళుసు. తెలుగు అక్షరాల్లో ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే అన్నీ గుండ్రమే. నార ఏ దిక్కున పెట్టినా ఎక్కడో ఒకచోట సన్నని భాగం అడ్డం పడుతుంది. ‘శ్రీ’ తీసుకోండి. బోర్డు పొడవునా నార పెడతాం, కింది నుంచి ఎడమ పక్కకు చుట్టి పైకి లేచే ర ఒత్తు సరిగ్గా ఆ లేచే చోటే విరుగుతుంది. బోర్డు పొడవును బట్టి కాదు, అన్నిటికంటే సన్నని మెడను బట్టి నార దిక్కు నిర్ణయించండి. అక్షరాలు విడివిడిగా కోసేటప్పుడు ఇది సాధ్యం. ఒకే పలకలో కోయక తప్పకపోతే ఆ మెడలను లావు చేయండి, లేదా ప్లైవుడ్ మీద అంటించి కోయండి. ఆ ప్లైవుడ్ పని వెడల్పాటి పలకలకు వద్దు. వానాకాలంలో అసలు చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ప్లైవుడ్ దాదాపు కదలదు. పలక వంగడమో, అతుకు ఊడడమో జరుగుతుంది.

నారతో పాటు నడిచే కోతలో బ్లేడు మెత్తటి చారలోకి జారుతుంది. అక్కడ తోయడం తగ్గించండి, అరిగిన బ్లేడు మార్చండి. టేకు, రోజ్‌వుడ్ పొడి చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు, మాస్క్ తీయకండి.

రంగు విషయంలో కస్టమర్‌కి ముందే చెప్పాలి. కొత్తగా కోసిన టేకు మచ్చలమచ్చలుగా ఉండి, వెలుతురు తగిలేకొద్దీ ఒకే రంగుకు వస్తుంది. పడాక్ ఎరుపు కొన్నాళ్లకు గోధుమరంగుకు దిగుతుంది. ఎరుపు కోసమని కాగితాల్లేని ఎర్రచందనం ముక్క చవగ్గా వచ్చినా ముట్టుకోకండి, కేసు మన షాపు మీదే పడుతుంది.

ఇలా చార చూసి ముక్కలు ఏరుకుంటే చెక్క ఎక్కువ పడుతుంది. డిజైన్ కొలతకు ఒకటిన్నర రెట్లు చెక్క లెక్కేసి నేను రేటు చెప్తాను. బేరమాడితే సైజు తగ్గిస్తాను కానీ ఏరడం మానను. గుర్తులు పెట్టి, థిన్నర్ తుడిచిన పలకను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, సరేనన్నాకే బ్లేడు బిగిస్తాను.