పాత బెంచ్ వైస్ కొనేముందు

యాంగోన్‌కు పడమరగా, నది అవతల ఉన్న పారిశ్రామికవాడ లైంగ్‌థార్యార్. ఇక్కడ ఇంటి వరండాలో చిన్న వర్క్‌షాపు కోసం పాత బెంచ్ వైస్ వెతుకుతున్నాను. నేను చూసేవి ఇవీ.

ముందు పోతలో ఉన్న పేరు, అంకె చదవండి. అంకె అంటే అంగుళాలని అనుకోవద్దు. షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ 3వ నంబరు వైస్ దవడలు 4 అంగుళాల వెడల్పు. ఇంటి పనికి అది చాలు.

తర్వాత పగుళ్లు, వెల్డింగ్ అతుకులు వెతకండి. పోత ఇనుము పెళుసు. అతుకు దగ్గర విరిగితే బరువంతా పాదం మీద పడుతుంది.

దవడల రెండు చివర్లలో చెరో కాగితం ముక్క పెట్టి బిగించండి. రెండూ కదలకూడదు. హ్యాండిల్ మరీ ఎక్కువగా ఖాళీగా తిరిగితే లోపలి నట్టు అరిగినట్టే.

వానాకాలపు పైపై తుప్పు గీకితే పోతుంది. మరలతో బిగించిన దవడ పలకలు అరిగితే మార్చుకోవచ్చు. ఒళ్లు పగిలినది మాత్రం ఎంత చవకైనా వద్దు.