ఓడ ప్రయాణంలో కడుపు తిప్పకుండా

ప్రశ్న: విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురానికి (పూర్వపు పోర్ట్ బ్లెయిర్‌కు) ఓడలో వెళ్లేవారు వాంతులు రాకుండా ఏ జాగ్రత్తలు పాటించాలి?

జవాబు: ఈ వికారానికి మూలం కడుపులో కాక చెవిలో ఉంది. లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు, అనగా ద్రవంతో నిండి తల కదలికను పసిగట్టే మూడు సన్నని గొట్టాలు, ఓడ ఊగుతున్నదని మెదడుకు తెలుపుతుండగా, గదిలో కూర్చున్నవారి కళ్లు చుట్టూ గోడలు నిశ్చలంగా ఉన్నాయని చెబుతాయి; ఈ రెంటికీ పొంతన కుదరకపోవడమే చల్లని చెమటకు, నోట నీరూరడానికి, చివరకు వాంతికి దారితీస్తుంది. అందుచేత ఊపు తక్కువగా ఉండే మధ్యభాగంలో, కింది అంతస్తులో పడక ఎంచుకొని, మెలకువగా ఉన్నంతసేపు పైకి వచ్చి నింగీ నీరూ కలిసే గీతపై చూపు నిలపడం అన్నింటికన్నా మేలు. ఫోను, పుస్తకం పక్కన పెట్టవలసిందే.

మందుల విషయంలో వేళే ప్రధానం. ప్రోమెథజైన్, మెక్లిజైన్ వంటి యాంటీహిస్టమిన్ మాత్రలు వికారం ముదిరాక వేసుకుంటే వాంతితోనే బయటకు పోతాయి కనుక, ఓడ కదలడానికి గంట, రెండు గంటల ముందే వైద్యుని సలహాతో వేసుకోవాలి. వీటివల్ల మగత కలుగుతుంది. గ్లాకోమా లేదా ప్రోస్టేట్ వాపు ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి; రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజైన్ అసలే ఇవ్వరాదు.

ఉప్పు అద్దిన పలుచని అల్లం ముక్కను బుగ్గన పెట్టుకొని రసం మింగడం కొందరికి ఉపశమనమిస్తుంది, కాని అందరికీ పనిచేస్తుందనలేము. ఖాళీ కడుపుతో ఎక్కడమూ, నూనె వంటకాలు తినడమూ రెండూ పొరపాట్లే. వాంతులు మొదలైతే ఓఆర్ఎస్ నీటిని గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. నీరు కూడా నిలవకపోతే ఓడలోని వైద్యుణ్ణి వెంటనే పిలవాలి.