పురావస్తు విద్య - శాస్త్రత్వ విచారము

పురావస్తు విద్యకు శాస్త్రత్వము కలదా? ఒకసారి త్రవ్విన మట్టిపొరను మరల త్రవ్వుట అసాధ్యము. పరీక్షకు పునరావృత్తి లేనిచోట శాస్త్రమెట్లగునని పూర్వపక్షము.

దక్కనులోని బూడిదదిబ్బలు ఇందుకు ఉదాహరణము. ఇవి రాక్షసుల చితాభస్మమని జనశ్రుతి. అగ్నిపర్వత శేషమనియు, లోహము కరగించిన కిట్టమనియు కొందరు తలచిరి. పశువుల పేడ కాలగా ఏర్పడినవని రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఊహించెను. 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ పాలమూరు ప్రాంతమందలి ఉట్నూరు దిబ్బను త్రవ్వగా, పశువుల గిట్టల ముద్రలును, దొడ్డి చుట్టును నాటిన గుంజల గుంతలును కనబడినవి. అది నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్డియని నిర్ణయమయ్యెను.

బూడిద వలన అగ్ని సిద్ధించును గాని దొడ్డి సిద్ధింపదు. చితియందును, కొలిమియందును బూడిద కలదు గనుక ఆ హేతువు అనైకాంతికము. గుంజల నడుమ గిట్టల ముద్రలు అట్లు కావు. అవి చితియందు పొసగవు. ఉట్నూరు పొర మరల రాదు. ఆ నిర్ణయమును మాత్రము వేరొక దిబ్బయందు పరీక్షింపవచ్చును. 1990వ దశాబ్దారంభమున కర్ణాటకమందలి బూదిహాళులో కె. పద్దయ్య జరిపిన త్రవ్వకములు అట్టివి. అచ్చట దొడ్డి చెంతనే నివాసస్థలము బయల్పడినది.

పేడనేల కాల్చిరి? ఋతుపర్వములకని ఆల్చిన్ తలచెను. అది సంభావనయే, నిశ్చయము కాదు. ఈ రెంటిని వేరుపరచు నియమమే ఈ విద్యకు శాస్త్రత్వమును కలిగించుచున్నది.