గుండె పరీక్షలు: రోగి తెలిసికొనవలసిన విషయములు

గ్రామమున ఎవరికైనను రొమ్ములో నొప్పి వచ్చినప్పుడు మొదట వినవచ్చు మాట "వాయువు పట్టినది" అనునదే. వాము నమలించుట, సోడా త్రాగించుట, తెల్లవారువరకు వేచియుండుట మామూలు. ఆ నొప్పి గుండెపోటు వలన వచ్చినదైనచో, గడచిన ప్రతి గంటకు గుండె కండరములో కొంత భాగము నశించుచుండును. నశించిన కండరము తిరిగి పెరుగదు. అది ఏ నొప్పియో చేయి పట్టి చూచి చెప్పుట వైద్యునికి సయితము అన్ని వేళల సాధ్యము కాదు. పరీక్షలు అవసరము. వాటిని గూర్చి పంచాయతీ సభ్యులు ఎరిగియున్నచో ఊరివారి భయమును, ఆలస్యమును తగ్గింపవచ్చును.

ఇ.సి.జి.: గుండె కొట్టుకొనునప్పుడు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని కాగితముపై గీతలుగా చూపునదే ఈ పరీక్ష. ఇందుకు మూలమైన కృషి చేసిన హాలెండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానము లభించినది. రొమ్ముపై 6, కాలుసేతులకు 4 చొప్పున తీగలు అమర్చుదురు. "కరెంటు పెట్టుదురు" అని కొందరు జంకుదురు. యంత్రము శరీరములోనికి విద్యుత్తును పంపదు. శరీరమున పుట్టినదానిని గ్రహించును, అంతే. రోగి కదలక పరుండిన కొద్ది నిమిషములలో ముగియును. అయితే మొదటి ఇ.సి.జి. బాగున్నంతమాత్రమున గుండెపోటు లేదని తలపరాదు. అవసరమైనచో మరల తీయుదురు.

రక్త పరీక్ష: గుండె కండరము దెబ్బతిన్నచో ట్రోపోనిన్ అను పదార్థము రక్తములో హెచ్చును. అది హెచ్చుటకు కొన్ని గంటలు పట్టును. కనుక రక్తమును రెండవసారి తీసినచో అనుమానింప పనిలేదు.

ఎకో పరీక్ష: చెవికి వినబడని ధ్వని తరంగములతో గుండె బొమ్మను తెరపై చూచుట ఇది. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు దీనికి నాంది పలికిరి. రొమ్ముపై చల్లని జిగురు పూసి చిన్న పరికరమును ఆనించుదురు. సూదులు లేవు. గుండె ఎంత బలముగా రక్తమును నెట్టుచున్నదో, కవాటములు సరిగా మూసికొనుచున్నవో లేవో తెలియును. గొంతునొప్పి పిదప జ్వరము, కీళ్ళవాపులు వచ్చిన పిల్లలకు కవాటములు చెడు ప్రమాదము కలదు. అట్టి పిల్లలకు ఈ పరీక్ష మిక్కిలి ఉపయోగకరము.

నడక పరీక్ష: కదలెడు పట్టాపై రోగిని నడిపించి ఇ.సి.జి. తీయుదురు. సాధారణముగా 3 నిమిషములకొకసారి వేగమును, వాలును పెంచుదురు. ఆయాసము గాని, నొప్పి గాని, తల తిరుగుట గాని కలిగినచో దాచక వెంటనే చెప్పవలెను. నొప్పి తీవ్రముగా ఉన్నవారికి ఈ పరీక్ష చేయరు.

యాంజియోగ్రాము: గుండెకు రక్తమును తెచ్చు నాళములలో అడ్డు ఎచ్చటనున్నదో ఇది చూపును. ఇది శస్త్రచికిత్స కాదు. మణికట్టు వద్దగాని, గజ్జ వద్దగాని మత్తుసూది వేసి, సన్నని గొట్టమును పంపి, మందు ఎక్కించి ఎక్స్‌రే చిత్రములు తీయుదురు. రోగి మెలకువగానే ఉండును. మందు ఎక్కునప్పుడు ఒళ్ళు వెచ్చనగును. స్వల్ప ప్రమాదము లేకపోలేదు. కనుక మూత్రపిండముల వ్యాధి, మందులు పడకపోవుట, వాడుచున్న మధుమేహపు మాత్రలు మున్నగు సంగతులు ముందే వైద్యునికి తెలుపవలెను. సంతకము చేయుటకు ముందు సందేహములను అడిగి తీర్చుకొనవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు మూడు కలవు. రొమ్ము నొప్పితో చెమటలు, ఆయాసము కలిగినచో, లేక నొప్పి ఎడమచేతికి, దవడకు పాకినచో, వెంటనే 108కి ఫోను చేయవలెనని గ్రామసభలో చెప్పుట మొదటిది. రోగిని నడిపింపక కూర్చుండబెట్టి, ఇ.సి.జి. సదుపాయమున్న ఆసుపత్రికి చేర్చునట్లు చూచుట రెండవది. పాత ఇ.సి.జి. కాగితములను, మందుల చీటీలను ప్రతి ఇంట ఒక సంచిలో భద్రపరుపవలెనని నేర్పుట మూడవది. పాత గీతలతో క్రొత్త గీతలను పోల్చినప్పుడే అనేక పర్యాయములు వ్యాధి బయటపడును. వీనికి పంచాయతీ నిధులతో పనిలేదు. సభ్యుల శ్రద్ధ చాలును.